ఆ ‘కొంచెం’ ఎంతో చెప్పు

అమ్మలూ,

మొన్న తెల్లవారుజామున నువ్వు ఫోన్ చేసినప్పుడు గడియారం చూశాను. 4.20 అయింది. “నాన్నా, ఇప్పుడే పోకర్ టేబుల్ మీంచి లేచాను” అన్నావు. ఎంత పోయిందని అడిగాను. నువ్వు వెంటనే చెప్పలేదు. ఒక్క క్షణం ఆగి “కొంచెం” అన్నావు. ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు నీ రెండు రాణుల గురించే చెప్పావు. వాటి మీదికి ఎదుటివాడు ఆసు-జాకీతో, ఉన్న చిప్స్ అన్నీ పెట్టి ఆల్-ఇన్ రావడం, పదిసార్లలో ఏడుసార్లు నువ్వే గెలవాల్సిన చోట ఆఖరి ముక్కగా రివర్ మీద ఆసు పడటం, అతను నవ్వుకుంటూ నీ చిప్స్ పేర్చుకోవడం అన్నీ చెప్పావు. ఏ ముక్క ఇస్పేటో, ఏది కళావరో కూడా పొల్లుపోకుండా చెప్పావు. ఎంత పోయిందో మాత్రం చెప్పలేదు.

ఆ “కొంచెం” అనే మాట నాకు బాగా తెలుసు, తల్లీ. ఒకసారి నేనూ ఇలాగే తెల్లవారాక ఇంటికొచ్చి మీ అమ్మతో అదే అన్నాను. అప్పుడు నీకు ఏడేళ్లు. ఆ రాత్రి సంగతి ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఫోన్లో అయితే మళ్ళీ సగం దాచేస్తానని భయమేసి ఉత్తరం రాస్తున్నాను.

ఆట మానెయ్యమని చెప్పడానికి రాయడం లేదు. నీకు ముక్కలు పట్టుకోవడం నేర్పింది నేనే, ఇప్పుడు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఓడిపోవడం తప్పు అని కూడా అనడం లేదు. నువ్వు స్టాటిస్టిక్స్ చదివావు కాబట్టి ఈ లెక్క నాకంటే నీకే తొందరగా అర్థమవుతుంది. గంటకు సగటున 5 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు పెట్టి తీరాల్సిన పందెం, మన లెక్కంతా అందులోనే కదా) గెలిచే మంచి ఆటగాడు 8 గంటలు కూర్చుంటే అతనికి రావాల్సింది 40. కానీ అన్ని గంటల్లో ఆట అటూ ఇటూ ఊగడం అంతకు మూడింతలకు పైనే ఉంటుంది, స్టాండర్డ్ డీవియేషన్ 140 దాకా వేసుకోవచ్చు. అంటే అంత బాగా ఆడేవాడు కూడా పది రాత్రుల్లో దాదాపు నాలుగు రాత్రులు పోగొట్టుకునే లేస్తాడు. అందుకే నువ్వు ఓడిపోయావని తెలిసి నాకు బాధ కలగలేదు. నా నిద్ర చెడగొట్టింది ఆ ఒక్క క్షణం మౌనం.

ఇక ఆ రాత్రి సంగతి.

జేబులో రెండు బై-ఇన్లకు, అంటే రెండుసార్లు చిప్స్ కొనడానికి, సరిపడా డబ్బు పెట్టుకుని వెళ్ళాను. ఒక్కోటి 100 బిగ్ బ్లైండ్లు. రెండూ పోతే లేచి వచ్చెయ్యాలి, అదీ నేను పెట్టుకున్న నియమం. మొదటి రెండు గంటలు ముక్కలన్నీ నా మాట విన్నట్టే సాగింది. 100 కాస్తా 160 అయింది. ఆ 60 నా తెలివితేటలకు వచ్చిన జీతం అనుకున్నాను. రాత్రి పాడవడం అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. గెలుపు నా ప్రతిభ అని ఒకసారి నమ్మాక, ఓటమి వచ్చినప్పుడు దాన్ని ఇంకెవరి నెత్తినో వెయ్యాలి కదా.

మూడో గంటలో రెండు ఆసులు వచ్చాయి. 221 హ్యాండ్లకు, అంటే అన్నిసార్లు ముక్కలు పంచితే, ఒకసారి వచ్చే జత అది. లైవ్ టేబుల్ మీద గంటకు 30 హ్యాండ్లు పడితే ఎక్కువ, కాబట్టి ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఒక్కసారి దర్శనమిస్తాయి. నేను పందెం పెంచి రెయిజ్ చేశాను, ఎదురుగా కూర్చున్నాయన మళ్ళీ రెయిజ్ చేశాడు. ఫ్లాప్ మీద, అంటే అందరికీ కలిపి బోర్డు మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, ఎనిమిది, అయిదు, రెండు పడ్డాయి, మూడూ మూడు రంగులు. నా 160 మొత్తం మధ్యలోకి వెళ్ళిపోయింది. ఆయన తిప్పి చూపించినవి రెండు పదులు. నూటికి 91 సార్లు నేను గెలిచే చోటు. నాలుగో ముక్కగా టర్న్ మీద రాజు పడింది. ఇక మిగిలిన 44 ముక్కల్లో నన్ను ఓడించేవి రెండే. రివర్ మీద కళావరు పది పడింది.

చెవులు వేడెక్కాయి, వేళ్ల చివర్లు చల్లబడ్డాయి. నోరు మాత్రం మర్యాదగా “బాగుంది సార్” అంది. లైవ్ ఆటలో ఉన్న కష్టం అక్కడే తెలుస్తుంది. ఆన్‌లైన్లో అయితే అంకె మారిపోతుంది, ఈలోపు కొత్త ముక్కలు పడతాయి. ఇక్కడ మన చిప్స్ మన చేత్తోనే ముందుకు తొయ్యాలి. డీలర్ వాటిని దొంతులుగా పేర్చి లెక్కపెడుతుంటే టేబుల్ అంతా మన మొహంలోకే చూస్తుంది. ఆ తర్వాత ఆయన ఎక్కడికీ పోడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని, మన చిప్స్‌ను తీరిగ్గా రంగుల వారీగా సర్దుకుంటూ ఇంకో నాలుగు గంటలు ఉంటాడు. మనం పదిలో ఏడెనిమిది హ్యాండ్లు ముక్కలు వదిలేసి, ఫోల్డ్ చేసి ఊరికే కూర్చుంటాం. ఆ ఊరికే కూర్చున్న నిమిషాల్లో మనసు చేసే పని ఇంతా అంతా కాదు. కళావరు పది మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది.

రెండో బై-ఇన్ తీసుకున్నాను. చాలా ప్రశాంతంగా ఉన్నానని అనుకున్నాను. నిజానికి అది ప్రశాంతత కాదు, పళ్ళు బిగబట్టుకోవడం. గంటన్నర పాటు ఒక్క మంచి ముక్క రాలేదు. ఏడు-రెండు, తొమ్మిది-మూడు, జాకీ-నాలుగు. ఒక్కో ఫోల్డ్‌తో ఎవరో నాకు బాకీ పడుతున్నట్టు అనిపించసాగింది. ఇంతసేపు ఓపిక పట్టాను కాబట్టి నాకు రావాలి, వచ్చి తీరాలి అనే మొండితనం. పేక ముక్కలకు జ్ఞాపకం ఉండదని నీకు చిన్నప్పుడే నేర్పిన నేను, ఆ గంటన్నరా వాటితో లెక్కలు తేల్చుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు ఇస్పేట్లు వచ్చాయి. చేతిలో రెండు, బోర్డు మీద రెండు, ఇంకొక్కటి పడితే ఒకే రంగువి అయిదు, ఫ్లష్. టర్న్ అయిపోయింది, మిగిలింది ఒకే ఒక్క ముక్క. 46లో 9, అంటే అయిదింటికి ఒకటి కూడా పూర్తిగా కాదు. ఎదుటివాళ్ళు వేసిన బెట్ దాదాపు మధ్యలో పోగైన పాట్ అంత ఉంది. మూడో క్లాసు లెక్కతో తేలిపోయే ఫోల్డ్ అది. నేను ఆ బెట్ అంతా కట్టి కాల్ చేశాను. అవకాశం చూసి కాదమ్మా, అప్పటిదాకా పడ్డ బాధను చూసి. ఇస్పేటు రాలేదు. ఇంకో పావుగంటలో మిగిలినవీ పోయాయి.

రెండు బై-ఇన్లు అయిపోయాయి. లేవాలి. లేవాలా వద్దా అని ఆలోచించి కూర్చుని ఉంటే కనీసం అది ఒక నిర్ణయం అనుకునేవాణ్ణి. ఆలోచనే రాలేదు. చెయ్యి తనంతట తనే పర్సులోని కార్డు వైపు వెళ్ళింది. మీ అమ్మకు “ఇంకో గంట” అని మెసేజ్ పెట్టాను, డబ్బు తీసుకొచ్చి మూడోది కొన్నాను.

ఇలా ఓటమి బాధలో పట్టు తప్పి ఆడటాన్ని మేం టిల్ట్ అంటాం, నువ్వూ అంటావు. ఆ మాట పిన్‌బాల్ మిషన్ల నుంచి వచ్చింది. కోపంతో మిషన్‌ను గట్టిగా కుదిపితే అది టిల్ట్ అని చూపించి ఆటను ఆపేస్తుంది. పోకర్ టేబుల్‌కు అలాంటి ఏర్పాటు లేదు. మనం ఎంత కుదేలైనా డీలర్ ముక్కలు పంచుతూనే ఉంటాడు. పైగా టిల్ట్ అంటే కేకలు వేయడం, ముక్కలు విసిరికొట్టడం అనే అందరూ అనుకుంటారు. నా టిల్ట్ చాలా మర్యాదగా ఉంటుంది. పక్కవాళ్ళతో నవ్వుతూ మాట్లాడతాను. నీది కూడా అలాంటిదేనేమో అని నా అనుమానం, ఎందుకంటే ఫోన్లో నీ గొంతు మరీ మామూలుగా ఉంది.

ఇప్పుడు ఆ రాత్రిలో అన్నిటికంటే ప్రమాదకరమైన గంట గురించి చెబుతాను. అది ఆసులు ఓడిపోయిన గంట కాదు, అన్నీ తిరిగొచ్చిన గంట.

మూడో బై-ఇన్‌తో కూర్చున్న కాసేపటికే రెండు ఏడులు వచ్చాయి. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్ మీద మూడోది పడటం ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి జరుగుతుంది. పడింది. ఇద్దరు నాకు చిప్స్ సమర్పించుకున్నారు. నా ముందు 280 బ్లైండ్లు నిలబడ్డాయి. మొత్తం పెట్టింది 300. ఇరవై తక్కువ, అంతే.

ఆ ఆనందాన్ని నీకెలా చెప్పను? మొదట్లో 60 లాభంలో ఉన్నప్పుడు దాంట్లో పదో వంతు కూడా లేదు. ఒళ్ళంతా తేలికైపోయింది. ఎవరో నన్ను క్షమించినట్టు అనిపించింది. కార్డుతో డబ్బు తీయడం, అబద్ధపు మెసేజ్ పెట్టడం, ఇస్పేట్ల మీద పిచ్చి కాల్, ఏవీ జరగనట్టే. ఆ ఇరవై కూడా వచ్చేస్తే అసలు ఆ రాత్రే లేనట్టు. అప్పటికి రాత్రి రెండున్నర. కళ్ళు మండుతున్నాయి. మామూలు రోజున ఇరవై బ్లైండ్లు నష్టపోతే నేను దాన్ని నష్టమని కూడా అనను. ఆ రాత్రి ఆ ఇరవై కోసం 280 పణంగా పెట్టి కూర్చున్నాను.

చాలా ఏళ్ల తర్వాత చదివాను. డేనియల్ కానెమాన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లో రాసిన పరిశోధన వ్యాసంలో ఈ సంగతి ఉంది. పోగొట్టుకున్నదానితో రాజీపడని మనిషి, మామూలుగా అయితే ఒప్పుకోని పందేలకు కూడా ఒప్పుకుంటాడని వాళ్ళు రాశారు. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండున్నర గంటలప్పుడు నా ఎదురుగా కూర్చుని నన్ను చూసి రాసినట్టుంది.

మూడింటికి ఆసు-రాజు వచ్చింది. ఫ్లాప్ మీద రాజు పడింది. మంచి జత, పక్కన ఆసు. నాతో పాటు మిగిలింది మూలన కూర్చున్న పెద్దాయన ఒక్కరే. ఆ రాత్రంతా ఆయన నోరు విప్పలేదు, అయిదు గంటల్లో ఫ్లాప్ పడ్డాక ఒక్కసారి కూడా రెయిజ్ చేయలేదు. ఫ్లాప్ మీద నా బెట్‌కు కాల్ చేశారు. టర్న్ మీద నేను బెట్ వేస్తే రెయిజ్ చేశారు. చేతులు వణకలేదు, నా వైపు చూడనూ లేదు.

నాకు తెలిసిపోయింది, తల్లీ. అనుమానం కాదు, తెలిసిపోయింది. అలాంటి మనిషి ఆ చోట రెయిజ్ చేస్తే ఒక్క జత సరిపోదు. ఫోల్డ్ చేస్తే నా దగ్గర ఇంకా 200కు పైగా ఉంటాయి. కానీ ఫోల్డ్ చేస్తే ఇరవై తక్కువ కాస్తా డెబ్బై, ఎనభై అవుతుంది, ఇందాకటి క్షమ మళ్ళీ దూరమైపోతుంది. కాల్ చేశాను. రివర్ మీద ఆయన ఆల్-ఇన్ అన్నారు. నేను చాలాసేపు ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. నిజానికి ఆలోచించడానికేం లేదు. కాల్ అన్నాను. ఆయన చేతిలో రెండు అయిదులు, బోర్డు మీద మూడోది.

ఇదీ నేను ఎవరికీ చెప్పని హ్యాండ్. ఇన్నేళ్లలో ఆ ఆసుల కథ ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. నువ్వే కనీసం నాలుగుసార్లు విన్నావు. కళావరు పది అనగానే విన్నవాళ్ళంతా అయ్యో అంటారు. ఆ అయ్యో కోసమే చెప్పేవాణ్ణి. ఆసుల మీద పోయింది మొదటి బై-ఇన్, దాని మీద వచ్చిన లాభం. మిగిలిన నాలుగు బై-ఇన్లు ఆ పదితో సంబంధం లేకుండా నా చేతుల మీదుగానే పోయాయి. దురదృష్టం కథను అంత వివరంగా చెబుతున్నానంటే, దాని వెనకాల ఇంకో కథను దాచుకుంటున్నానని అర్థం.

నాలుగోదీ అయిదోదీ నలభై నిమిషాల్లో అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. కోపం లేదు, ఆశ లేదు, భయం కూడా లేదు. చిప్స్ ఉత్త ప్లాస్టిక్ బిళ్ళల్లా కనిపించాయి. చివరివి కూడా పోయినప్పుడు హమ్మయ్య అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. ఇక లేవచ్చు అనిపించింది.

ఇంటికొచ్చేసరికి వెలుతురు వచ్చేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాను. మీ అమ్మ మెలకువగానే ఉంది. “ఎలా జరిగింది?” అంది. “కొంచెం పోయింది” అన్నాను. ఆమె “సరే, పడుకో” అని అటు తిరిగింది.

ఆ పొద్దున నువ్వు స్కూలుకు తయారవుతూ నీళ్ల గ్లాసు తన్నేశావు. నీళ్లు నా కాగితాల మీద పడ్డాయి. నేను అరిచిన అరుపుకు నువ్వు గోడకు అతుక్కుపోయావు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఎత్తుకునేవాణ్ణేమో. నువ్వు మెల్లగా కూర్చుని, నీ యూనిఫామ్ అంచుతో నేల తుడవడం మొదలుపెట్టావు. నీకిది గుర్తుందో లేదో తెలీదు. ఆ కళావరు పది మరుగున పడిపోయింది కానీ, ఆ తుడవడం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నన్ను క్షమించు, అమ్మలూ. ఇది చాలా ఏళ్ల కింద చెప్పాల్సిన మాట.

ఇక ఆ “కొంచెం” ఏం చేసిందో విను. నిజమైన అంకె చెప్పి ఉంటే ఒక పెద్ద గొడవ అయ్యేది, రెండు రోజుల్లో చల్లారేది. చెప్పలేదు కాబట్టి, చెప్పిన అంకెకూ నిజమైన అంకెకూ మధ్య ఒక గొయ్యి మిగిలింది. అది పూడ్చాలి, అదీ మీ అమ్మకు తెలియకుండా. పూడ్చడానికి నాకు తెలిసిన చోటు ఒక్కటే. వారం తిరక్కుండా మళ్ళీ టేబుల్ దగ్గరున్నాను. ఆ రోజు ఆట కోసం వెళ్ళలేదు. కూర్చునేటప్పటికే నష్టంలో ఉన్నాను, ఒక్క ముక్క కూడా పంచకముందే. అంటే ఆ రెండున్నర గంటల మనిషే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఏం జరిగిందో ఊహించుకో. దాని తర్వాత ఏడాది పాటు ముక్క పట్టుకోలేదు.

మళ్ళీ మొదలుపెట్టినప్పటి నుంచి నేను చేసేవి కొన్నే. కార్డు ఇంట్లోనే వదిలేస్తాను. నియమాన్ని నా మనసుకు అప్పగించను, ఎందుకంటే ఆ టైమ్‌లో నా మనసు నా పక్షాన ఉండదు. ఓడి, మళ్ళీ సమానానికి దగ్గరగా వస్తే, గంట ఎంతైనా సరే, లేచి బయటికి వెళ్ళి పది నిమిషాలు నిలబడతాను. చాలాసార్లు అటునుంచి అటే ఇంటికి వచ్చేశాను. ఇంటికొచ్చాక పడుకునే ముందు నోట్‌బుక్‌లో మొదట అంకె రాస్తాను, తర్వాత ఏ హ్యాండ్‌కు ముందే లేచి ఉండాల్సిందో రాస్తాను. దురదృష్టం హ్యాండ్లు అందులో రాయను, అవి ఎలాగూ గుర్తుంటాయి.

నిన్ను రెండే అడుగుతాను. నువ్వు ఆడే డబ్బు అద్దెకూ ఖర్చులకూ సంబంధం లేని డబ్బేనా? ఎవరి దగ్గరైనా అప్పు తీసుకున్నావా? రెండో దానికి జవాబు అవును అయితే ఇది ఇక ఆట గురించిన సంగతి కాదు. నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను, ఇద్దరం కలిసి ఒక మంచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్దాం. నిన్ను ఒక్క మాట కూడా అనను. అనే మొహం నాకు లేదు, ఉన్నా అనను.

ఆ రాణుల తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పు. నువ్వు రాత్రి ఒంటిగంటకు ఆ హ్యాండ్ ఓడిపోయానన్నావు. ఫోన్ చేసింది 4.20కి. మధ్యలో మూడు గంటల ఇరవై నిమిషాలున్నాయి. నాకు ఆ గంటలు కావాలి.

ఈ ఉత్తరం నిన్న రాత్రి పూర్తయింది. నీకు పంపే ముందు మీ అమ్మకు చదివి వినిపించాను. బ్లైండ్ల లెక్క ఆమెకు తెలియదు కాబట్టి, 500 అంటే అప్పటి నా జీతం రెండు నెలలది, పైన కొంచెం అని చెప్పాను. ఈసారి ఆ కొంచెం ఎంతో కూడా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ఒక్కటే అడిగింది: “ఇరవై తక్కువైనప్పుడు లేచి వచ్చేసి ఉంటే, నేను నిన్నేమైనా అనేదాన్నా?”

నా దగ్గర జవాబు లేకపోయింది.

అంకె రాసి పంపు, తల్లీ. ఫోన్లో చెప్పడం కష్టమైతే మెసేజ్‌లో ఉత్త అంకె పెట్టు, ఇంకేమీ రాయకు. అది చూసి నేనే ఫోన్ చేస్తాను.

మీ నాన్న